సరే అన్నారట

మార్చి 3, సోమవారం

ఇవాళ ఒక స్వెటరు చనిపోయింది. బతికున్నన్నాళ్ళూ ఆరడుగుల మనిషికి సరిపోయేది. ఇప్పుడు నీళ్ళ సీసాకి తొడగొచ్చు, అదీ కాస్త బిగుతుగానే. లాండ్రీ ఆవిడ దాన్ని కవర్లో పెట్టుకుని మా ఆఫీసుకి వచ్చి, బాసు బల్ల మీద చేతులు రెండూ చాపి పడుకోబెట్టింది.

"ఇది మీ స్క్రీను చేసిన పని," అంది.

గదిలో కాసేపు మౌనం పాటించాం.

భావితరాల కోసం వివరాలు నమోదు చేస్తున్నాను. లాండ్రీ కౌంటరు మీద ఒక స్క్రీను ఉంటుంది. అది నా సృష్టి. బట్ట తెచ్చినవాళ్ళు ఎలా ఉతకాలో చెప్తారు, కౌంటర్లో ఉన్నవాళ్ళు బటను నొక్కుతారు. ఆ మాట బ్యాకెండ్‌కి, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రాముకి, వెళ్తుంది. బ్యాకెండ్ మా ఆఫీసులో గాజు తలుపు అవతల కూర్చునే అక్క సృష్టి. అది లేబులు ముద్రిస్తుంది. లోపల ఉతికేవాళ్ళు ఆ లేబులు చూసి ఉతుకుతారు. ఈ స్వెటరుకి, పోయిన నెల కొత్తగా పెట్టిన 'చల్లటి నీళ్ళు' బటను నొక్కారు. స్క్రీను మీద పచ్చటి టిక్కు పడింది. లేబులు మీద మాత్రం చల్లటి నీళ్ళ ఊసే లేదు. ఊసు లేకపోతే వేడినీళ్ళే. అది లాండ్రీ శాసనం.

ఆవిడ వెళ్ళాక బాసు గడ్డం గోక్కున్నాడు. "నెలాఖరులోగా ఇది తేలకపోతే ఆవిడ మళ్ళీ సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటుంది. ఆవిడ పోతే మన కంపెనీకి మిగిలేది ఈ బల్ల."

బల్ల బాగానే ఉంటుంది. కాని ముగ్గురికి చాలదు.

ఇంటి విషయం. నాన్నకి మోటారు వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన మోటార్లలోంచి పాత తీగ పీకేసి కొత్త రాగితీగ చుడతారు. నా చదువైపోయినప్పటినుంచీ నన్ను షాపుకి రమ్మంటున్నారు. రెండు నెలల కిందట భోజనాల దగ్గర "ఆ తీగ నా మెడకి చుట్టకండి" అన్నాను. అప్పటినుంచి మేమిద్దరం నేరుగా మాట్లాడుకోవడం లేదు. ఏదున్నా అమ్మ ద్వారానే. నిన్న అమ్మతో ఖాయంగా చెప్పి పంపించాను: నేను ఈ ఉద్యోగంలోనే ఉంటాను, షాపుకి రాను. ఇవాళ సాయంత్రం అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "సరే అన్నార్రా," అంది.

విషయం ముగిసింది.

మార్చి 4, మంగళవారం

గాజు తలుపు తోసుకుని వెళ్ళాను. అక్క ఎప్పట్లాగే శాలువా కప్పుకుని, మంచు కొండల మీద డ్యూటీలో ఉన్నట్టు కూర్చుంది. నన్ను బొమ్మలబ్బాయ్ అంటుంది. నేను చేసేది రంగులు దిద్దే పని అని ఆవిడ అభిప్రాయం.

"అక్కా, మీ సర్వరు నా మాట మింగేసింది."

"నా దాకా వస్తే కదా మింగడానికి."

"వచ్చింది. 'సరే' అని జవాబు కూడా వచ్చింది. ఇదిగో చూడండి, టైముతో సహా."

"నేను తీసుకున్నవన్నీ ఇక్కడున్నాయి, బొమ్మలబ్బాయ్. వెతుక్కో. నీ 'చల్లటి నీళ్ళు' కనపడ్డాయా?"

కనపడలేదు. "మరి మీరు వద్దని తిప్పి పంపినవి?"

"అవి దాచుకోను. వద్దనుకుంటే మొహం మీదే చెప్పి పంపేస్తా. దాచుకోవడానికి అవేమన్నా ప్రేమలేఖలా?"

"నాకు వద్దని ఒక్కసారి కూడా రాలేదు."

"అయితే నువ్వు ఒక్కసారి కూడా పంపలేదు."

"పంపకుండా సరే అని ఎలా వస్తుందండీ? గోడకి బంతి కొట్టకుండానే వెనక్కొస్తుందా?"

"నన్ను గోడంటావా?"

ఆ తర్వాత సాంకేతిక చర్చ కాస్త పక్కదారి పట్టింది. ఆవిడ నా టిక్కుని కాకిరెట్టతో పోల్చింది. నేను ఆవిడ శాలువా ప్రస్తావన తెచ్చాను. తేకుండా ఉండాల్సింది. బాసు పరుగెత్తుకొచ్చి మా మధ్య నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. "ఇకనుంచి మీరిద్దరూ మాట్లాడుకోవద్దు. ఏదున్నా నాతో చెప్పండి. నేను అవతలివాళ్ళకి చెప్తాను." గాజు తలుపు మూసేశాడు.

మార్చి 5, బుధవారం

అక్క గాజు అవతలినుంచి నన్ను చూసి నాలుక బయటపెట్టింది. ఇది బాసు ద్వారా రాలేదు. నిబంధనల ఉల్లంఘన.

మార్చి 6, గురువారం

కొత్త ఏర్పాటు దివ్యంగా ఉంది. పొద్దున బాసుతో, "ఆవిడ వైపు మళ్ళీ ఒకసారి పూర్తిగా వెతకమనండి, బద్ధకించకుండా," అన్నాను. బాసు అవతలికి వెళ్ళి, కాసేపటికి వచ్చి, "సరే అంది," అన్నాడు. అక్క ఏం చెప్పిందని అడిగితే, "నీ పని బాగుందంది," అన్నాడు.

గాజులోంచి చూస్తే అక్క పెదాలు 'బాగుంది' అన్నట్టుగా కదల్లేదు. అయినా పెదాలు చదవడం నా శాఖ కాదు.

రాత్రి భోజనాల దగ్గర ఉప్పు నాన్న చేతి పక్కన ఉంది.

"అమ్మా, ఉప్పు ఇటిమ్మను."

"ఏవండీ, వాడికి ఉప్పు కావాలట."

"ఉప్పెక్కువ తినొద్దని చెప్పు వాడికి."

"తీసుకోరా, మీ నాన్న జాగ్రత్తగా తినమంటున్నారు." ఉప్పు అమ్మ మీదుగా నా దగ్గరికి వచ్చింది. బల్ల వెడల్పు నా మోచేయంత.

నాన్న తిని లేచాక, నేనింకా తింటుండగా అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "నాన్న నీ పని ఎలా ఉందని అడుగుతున్నార్రా."

ఆయన అలా అడగడం కొత్తగా ఉంది. నా మొండితనం ముందు కరిగారన్నమాట. "నెలాఖరు దాకా నన్ను కదిలించొద్దని చెప్పు," అన్నాను.

అమ్మ వెళ్ళింది. వచ్చింది.

"సరే అన్నారు."

మార్చి 8, శనివారం

రెండో స్వెటరు. లేత నీలం. పాపం, చేతులకి పువ్వులు కూడా ఉన్నాయి.

పెద్దమ్మ మోకాలి గురించి అమ్మ ఏదో చెప్పింది. సరే అన్నాను.

మార్చి 10, సోమవారం

స్వయంగా లాండ్రీకి వెళ్ళాను. లోపల ఆవిరికి నా కళ్ళజోడు మూసుకుపోయింది. మిషన్లు బండరాళ్ళు నములుతున్నట్టు శబ్దం చేస్తున్నాయి. కౌంటరు దగ్గర నిలబడి నా చేత్తో నేనే 'చల్లటి నీళ్ళు' నొక్కాను. టిక్కు. పక్కనున్న ప్రింటరు గురకపెట్టి లేబులు కక్కింది. అందులో చల్లటి నీళ్ళు లేవు. మళ్ళీ నొక్కాను. టిక్కు. మళ్ళీ లేవు. 'పిండొద్దు', 'ఇస్త్రీ', 'తెల్లవి వేరుగా' అన్నీ నొక్కి చూశాను. అవన్నీ చక్కగా లేబులు మీదకి వస్తున్నాయి. ఇదొక్కటే రావడం లేదు.

లాండ్రీ ఆవిడ చేతులు కట్టుకుని నా వెనక నిలబడింది.

"మీ టిక్కు చాలా మర్యాదస్థురాలయ్యా. ఎవరేం చెప్పినా అవునంటుంది."

"థాంక్సండీ," అన్నాను.

"నిన్న ఒకాయన ఇదే బల్ల మీద గుద్ది, ఆయన భార్య అల్లిన స్వెటరట అది, ఏమన్నాడో తెలుసా? వద్దంటే ఇంకో చోటికి తీసుకెళ్ళేవాణ్ణి కదమ్మా, అవునని ఎందుకన్నారు అన్నాడు. నేనేం చెప్పను?"

"బ్యాకెండ్ తప్పని చెప్పండి."

"అంటే ఎవరు?"

"ఒక అక్క. శాలువా కప్పుకుని ఉంటుంది."

ఆవిడ నన్ను చూసిన చూపుని ఇక్కడ వర్ణించను.

మార్చి 12, బుధవారం

సమస్యని నా వైపునుంచి పరిష్కరించాను. టిక్కుని పెద్దది చేశాను. రంగు కూడా ముదురు పచ్చ చేశాను. ఇప్పుడు చూసినవాళ్ళకి మరింత నమ్మకం కలుగుతుంది. బాసు చూసి మెచ్చుకుని, అక్కకి కూడా చాలా నచ్చిందట అని చెప్పాడు.

నాన్న ఈ మధ్య హుషారుగా ఉన్నారు. షేవింగ్ చేసుకుంటూ కూనిరాగం తీశారు. నా ఉద్యోగానికి అలవాటు పడుతున్నారు. ఆయనలో ఇంత మార్పు వస్తుందని నేననుకోలేదు. నాకేమీ ప్రత్యేకంగా అనిపించడం లేదు. ఊరికే రాసుకుంటున్నాను.

అమ్మ సంచీ సర్దుతూ ఏదో అంది. సరే అన్నాను. పక్కగదిలోంచి నాన్న కూడా సరే అన్నారు.

మార్చి 13, గురువారం

పొద్దున లేచేసరికి ఇల్లు వింతగా ఉంది. ఏమిటా అని చూస్తే చప్పుడు లేదు. వంటింట్లోకి వెళ్ళాను. అదే సమయానికి నాన్న అవతలి గుమ్మంలోంచి వచ్చారు. ఆయన చేతిలో ఖాళీ టీ కప్పు, నా చేతిలో ఖాళీ టీ కప్పు.

"ఏమే," అన్నారు నాన్న.

"అమ్మా," అన్నాను నేను.

పొయ్యి మా ఇద్దర్నీ చూసింది.

ఆయన తన ఫోను తీశారు, నేను నా ఫోను తీశాను. నాది ముందు కలిసింది. పెరట్లోకి వెళ్ళి మాట్లాడాను.

"అమ్మా, ఎక్కడున్నావు?"

"బస్సులో. ఇంకాసేపట్లో పెద్దమ్మ ఇంట్లో ఉంటా."

"చెప్పకుండా వెళ్ళిపోతావా?"

"చెప్పకుండానా? అక్కకి మోకాలి ఆపరేషనైంది, కొన్నాళ్ళు తోడుంటానని నీతో ఎన్నిసార్లు చెప్పాను? ప్రతిసారీ సరే అన్నావు."

"నాన్నకి చెప్పావా?"

"ఆయనా సరే అన్నారు. ఇద్దరూ ఇంత తేలిగ్గా ఒప్పుకున్నారే అనుకున్నా." అమ్మ నవ్వింది. బస్సు హారను మోగింది. "గుడ్లు కింది అరలో ఉన్నాయి," అని పెట్టేసింది.

లోపలికి వచ్చేసరికి నాన్న ఫోను చెవికి ఆనించుకుని అటు తిరిగి ఉన్నారు. "ఎప్పుడు చెప్పావే?" అంటున్నారు.

మార్చి 14, శుక్రవారం

నాన్న ఫ్రిజ్జుతో మాట్లాడారు. "పాలయిపోయాయి," అన్నారు దానితో.

నేను కూడా ఫ్రిజ్జుతోనే, "సాయంత్రం తెస్తాను," అన్నాను.

ఫ్రిజ్జు ఇద్దరి మాటా యథాతథంగా చేరవేసింది. నమ్మకమైన మనిషి.

మార్చి 15, శనివారం

మధ్యాహ్నం తలుపు కొట్టిన చప్పుడు. తీస్తే, చొక్కా మీద పదిరంగులు వేసుకుని చెవిలో పెన్సిలు పెట్టుకున్న ఒకాయన. బోర్డులు రాస్తాడట.

"నాన్నగారు లేరా? షాపు మూసుంది."

"ఒక మోటారు బిగించడానికి వెళ్ళారు. ఏం పని?"

"పర్లేదు, మీరైనా చెప్పొచ్చు. కొత్త బోర్డు సంగతి. 'కొడుకు' అన్న మాట 'తండ్రి'కి సమానంగా పెట్టాలా, కాస్త చిన్నగా పెట్టాలా? ఆయన సమానంగా పెట్టమన్నారు. చూస్తే అంత చోటు లేదు."

"ఏ కొడుకు?"

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారు?"

"ఒక్కణ్ణే."

"అయితే ఆ కొడుకే." టేపు తీసి గాలిలో కొలతలు చూపించాడు. "తండ్రీ కొడుకుల మోటారు వైండింగ్. ఇంతుంటుంది. నెలాఖరుకి మీరు షాపులో కూర్చుంటున్నారట కదా, ఈ లోపల పూర్తి చేసెయ్యమన్నారు. పసుపు మీద ఎరుపు. మంచి రంగులు తీసుకున్నారు లెండి, ఎండకి పోవు."

ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మరి సమానంగానే పెట్టేదా?"

"సరే," అన్నాను.

ఎందుకన్నానో తెలీదు. ఆయన థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు. తలుపు తీసే నిలబడ్డాను కాసేపు. తర్వాత వేశాను.

మార్చి 16, ఆదివారం

అమ్మకి ఫోను చేశాను. సంభాషణ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"అమ్మా, నేను షాపుకి రానని చెప్పమన్నప్పుడు నాన్న సరే అన్నారన్నావు కదా."

"అన్నారు."

"సరిగ్గా ఏ మాట అన్నారు?"

"ఇప్పుడెందుకురా అవన్నీ?"

"చెప్పు."

"ముందు కాసేపు అరిచారు. తర్వాత ఇంకాసేపు అరిచారు. తర్వాత టీ ఇస్తే తాగారు."

"సరే ఎక్కడుంది ఇందులో?"

"టీ తాగారు కదా. నిజంగా వద్దనుకుంటే ఆయన టీ తాగరు. నీకు తెలీదు, ఆయనతో కాపురం చేసింది నేను."

"పోనీ, నెలాఖరు దాకా కదిలించొద్దని నేనంటే ఆయనకి ఏమని చెప్పావు?"

వెనక పెద్దమ్మ ఎవరే అని అడుగుతోంది.

"నెలాఖరుకి కదులుతాడటండీ, అన్నాను."

"అమ్మా!"

"ఏం, అందులో అబద్ధమేముంది? నీ మాటే కాస్త మెత్తగా చేసి చెప్పాను. మీ ఇద్దరూ మాట్లాడేవి ఉన్నవి ఉన్నట్టు మోస్తే ఈపాటికి ఇల్లు ఉండేది కాదు. ఆయన 'ఎప్పుడొస్తాడో వాణ్ణి నిలదియ్' అంటే, నేను 'నీ పని ఎలా ఉందని అడుగుతున్నార్రా' అన్నాను. ఏం, నొచ్చుకున్నావా? లేదు కదా. ఆరోజు కడుపునిండా తిన్నావు."

తిన్నాను. నిజమే.

ఫోను పెట్టేశాక కిటికీలోంచి ఎదుటి మేడ మీద ఆరేసిన దుప్పట్లని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. నాన్న కూనిరాగం గుర్తొచ్చింది. ఆ తర్వాత లాండ్రీ గుర్తొచ్చింది.

రేపు ఆఫీసులో ఒక పని చెయ్యాలి. ఎందుకు తట్టిందో రాయను.

మార్చి 17, సోమవారం

బాసు రాకముందే గాజు తలుపు తోసుకుని అక్క దగ్గరికి వెళ్ళాను.

"మాట్లాడకూడదు మనం," అంది తలెత్తకుండా.

"మాట్లాడొద్దు. ఒక తీగ ఇవ్వండి. నా స్క్రీనుని నేరుగా మీ సర్వరుకి కలుపుతాను. మధ్యలో ఏదీ ఉండకూడదు."

ఆవిడ నావైపు చూసింది. శాలువా సర్దుకుంది. "మధ్యలో ఏముంది?"

మధ్యలో ఒక చిన్న ప్రోగ్రాము ఉంది. నా స్క్రీను మాటలు ఆవిడకీ, ఆవిడ జవాబులు నాకూ మోస్తుంది. మేమిద్దరం చేరకముందే బాసు స్వయంగా రాసుకున్నది. అది పోస్టుమ్యాను. పోస్టుమ్యానుని ఎవరు అనుమానిస్తారు?

కలిపాం. నొక్కాను.

నా పెద్ద ముదురు పచ్చ టిక్కు రాలేదు. దాని స్థానంలో ఎర్రటి అక్షరాలు వచ్చాయి. నా స్క్రీను మీద ఎర్ర రంగు చూడటం ఇదే మొదలు. అసలు ఆ రంగు అందులో ఉందనే మర్చిపోయాను.

*నీళ్ళ వేడి అంకెల్లో కావాలి. మీరు మాట పంపారు. తీసుకోను.*

"ఇది మీరు రాసిందా?"

"ఎప్పుడో. వద్దంటే ఎందుకు వద్దో కూడా చెప్పాలని ఒక్కో కారణానికీ ఒక్కో వాక్యం కూర్చుని రాశాను." అక్క స్క్రీను మీదకి వంగింది. "ఎవరికైనా కనపడటం ఇదే మొదటిసారి."

కొత్త బటను పెట్టినప్పుడు నేను 'చల్లగా' అని మాటే పంపాను. ఆవిడ అంకె అడిగింది. ప్రతిసారీ అడిగింది. ప్రతిసారీ నాకు సరే అని వినపడింది.

"కాకిరెట్ట అన్నాను కదా," అంది అక్క. "అంత చెడ్డగా ఏం లేదు నీ టిక్కు."

"శాలువా కూడా బాగానే ఉంటుంది," అన్నాను.

మధ్య ప్రోగ్రాము తెరిచాం. అందులో ఒక వరస ఉంది: అవతలినుంచి ఏ జవాబొచ్చినా ఇవతలికి 'సరే' అని పంపు. పక్కనే బాసు తనకి తాను రాసుకున్న మాట: డెమో అయ్యాక తీసెయ్యాలి.

బాసు వచ్చాడు. చూశాడు. కుర్చీలో కూర్చుని గడ్డం పట్టుకున్నాడు.

"ఆ రోజు లాండ్రీ ఆవిడ ఎదురుగా కూర్చుంది. ఎర్ర అక్షరాలు కనపడితే లేచి వెళ్ళిపోయేది. డెమో బాగా జరిగింది. ఇంక ఎవరు ముట్టుకుంటారు?" అన్నాడు. తర్వాత, "అక్క నీ టిక్కు నచ్చిందని నిజంగా అనలేదు," అని కూడా అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

"తెలుసు సార్."

"నీ బద్ధకం మాట నేనూ ఆవిడకి చెప్పలేదు."

"ఏం బద్ధకం?" అంది అక్క.

ఆ వరస తీసేశాం. నేను 'చల్లగా' బదులు అంకె పంపేలా మార్చాను.

మార్చి 18, మంగళవారం

ఇవాళ ఒక స్వెటరు బతికింది.

పొద్దున మాత్రం లాండ్రీ ఆవిడ ఫోను చేసింది. "ఇదేంటయ్యా, తెరిచినప్పటినుంచీ తిడుతోంది! ఫోన్ నంబరు తప్పంటోంది, తేదీ లేదంటోంది, ఒకటే ఎరుపు!"

"ఇన్నాళ్ళూ అంటూనే ఉందండీ. మీకు వినపడలేదు."

అవతల మిషన్ల చప్పుడు. "ఓహో," అంది ఆవిడ. "సరే, తిట్టనీ. తిడితే నాకు తెలుస్తుంది."

ఇంట్లో నాన్న షేవింగ్ చేసుకుంటూ మళ్ళీ కూనిరాగం తీశారు. ఎర్ర అక్షరాలు బయటపెట్టడంలో నేను ఆఫీసులో చూపించిన ధైర్యం ఇంటికి తెచ్చుకోలేదు. బ్యాగులో మర్చిపోయినట్టున్నాను.

మార్చి 19, బుధవారం

ఆఫీసులో సెలవు చెప్పి షాపుకి వెళ్ళాను. బోర్డు ఆయన నిచ్చెన మీద ఉన్నాడు. పసుపు మీద ఎరుపు. 'తండ్రీ' అయిపోయింది. 'కొ' ఆరుతోంది.

"కాసేపు ఆగండి," అన్నాను.

"'కొ' దగ్గర ఆపితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు బాబూ?"

"కాసేపే."

లోపల వార్నిషు వాసన, కాలిన తీగ వాసన. గోడకి మోటార్ల శవాలు ఆనించి ఉన్నాయి. నాన్న బల్లకి బిగించిన అచ్చు మీద తీగ చుడుతున్నారు. పెదాలు కదులుతున్నాయి. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఆయన్ని ఎవరూ పలకరించకూడదు. ఒకటి ఎక్కువైనా తక్కువైనా ఆ మోటారు మళ్ళీ కాలుతుంది. చిన్నప్పుడు నేను ఆయన దగ్గర మొదట నేర్చుకున్నది అదే. నన్ను చూసి ఒక వేలెత్తారు. ఆగమని.

నిలబడ్డాను. ఆ వేలు దించితే చెప్పాలి. అంతదాకా ఆగితే చెప్పలేనని తెలిసింది.

"నాన్నా, నేను షాపుకి రాను. నెలాఖరుకీ రాను, తర్వాతా రాను. కదులుతానని నేననలేదు. కదిలించొద్దన్నాను."

చెయ్యి ఆగింది. పెదాలు ఆగాయి.

"నేను సరే అన్నానని నీకెవరు చెప్పారు?"

"అమ్మ."

"అన్లేదు. ఇప్పుడూ అనను. వింటున్నావా? నాకిష్టం లేదు. నీ ఉద్యోగం ఏంటో నాకర్థం కాదు, ఆ గాజుగదిలో కూర్చుని ఏం చేస్తావో నాకు తెలీదు. నా తర్వాత ఈ తలుపు ఎవరో వచ్చి మూసేస్తారు. ఆ మాట తలుచుకుంటే నాకు అన్నం సయించదు. మీ అమ్మకి ఎన్నిసార్లు చెప్పాను!"

"నాదాకా రాలేదు నాన్నా."

"ఇప్పుడు వచ్చిందా?"

"వచ్చింది."

"ఏం వచ్చింది?"

ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి. "మీకు ఇష్టం లేదు. షాపు మూతపడుతుందని దిగులు. నేను రాకపోవడానికి మీరు ఒప్పుకోలేదు."

"ఆఁ," అన్నారు. కుర్చీలో వెనక్కి వాలారు. చేతిలో తీగ వైపు చూసుకున్నారు. "లెక్క పోగొట్టావు. ఇంక మొత్తం విప్పాలి. ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను. ఆయన చేతి వేడి తీగకి అంటి ఉంది. నేను గుమ్మం వైపు నడుస్తూ లాగాను, ఆయన అచ్చు తిప్పుతూ వదిలారు. అలా అటూ ఇటూ నడిచాను. ఒకచోట మెలిపడితే, "లాగకు, వదులు," అన్నారు. వదిలాను.

బయటినుంచి కేక: "అయ్యా! 'కొ' దగ్గరున్నా! ఏం చెయ్యమంటారు?"

"పూర్తి చెయ్యి," అన్నారు నాన్న, తలెత్తకుండా.

"నాన్నా, నేను రానని ఇప్పుడేగా..."

"విన్నాను. చెవుడు లేదు నాకు." అచ్చు తిప్పుతూనే ఉన్నారు. "షాపుకి రాకపోతే కొడుకువి కాకుండా పోతావా? తండ్రీ కొడుకులని రాయించాను. ఇద్దరూ తీగ చుడతారని రాయించలేదు."

ఆ తర్వాత ముగ్గురం టీ తాగాం. 'కొడుకు' కాస్త ఇరుకుగానే వచ్చింది. చివరి అక్షరం అంచుకి ఆనుకుని నిలబడింది.

అదే రోజు, సాయంత్రం

అమ్మ ఫోను చేసింది. నాన్న పక్కగదిలో చొక్కా మార్చుకుంటున్నారు.

"నాన్నకి చెప్పేశావా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

మెత్తగా చెయ్యకుండా మొత్తం చెప్పాను. అరిచిన చోట అరిచారనీ, ఇష్టం లేదన్న చోట ఇష్టం లేదన్నారనీ.

"అయ్యో! మరి టీ తాగారా?"

"తాగారు."

"మరింకేం," అంది అమ్మ నిశ్చింతగా. ఆ తర్వాత ఇంకేదో అంది. సరే అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చేసింది. ఆపాను.

"ఏమన్నావో మళ్ళీ చెప్పమ్మా."

"ఏం లేదురా."

"చెప్పు."

"ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉందామనుకుంటున్నా అన్నాను. అక్క మోకాలు బాగానే ఉంది. దానికోసం కాదు." అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడు. "ఇక్కడ నన్నెవరూ వెళ్ళి చెప్పు, వచ్చి చెప్పు అనరు. పొద్దుటినుంచీ నేనేం మాట్లాడినా అది నా మాటే. ఎన్నేళ్ళయిందో ఇలా ఉండి. గొంతు కూడా వేరేగా ఉన్నట్టుంది నాకు."

నిజంగానే వేరేగా ఉంది. నేను ఇంతకుముందు వినలేదంతే.

"ఎన్నాళ్ళుంటావు?"

"తెలీదు."

పక్కగదిలో మంచం కిర్రుమంది. నాన్న గొంతు వినపడింది.

"ఏమంటోందిరా మీ అమ్మ?"

బాగానే ఉందట, త్వరలో వచ్చేస్తుందట. వాక్యం అప్పటికే తయారైపోయి ఉంది. మెత్తగా, గుండ్రంగా, అన్నివైపులా నున్నగా ఉంది. ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

లేచి వెళ్ళి, ఫోను ఆయన చేతిలో పెట్టాను.

"మీరే అడగండి."